పెట్టె అడుగున తాళంచెవి

పోయిన వారం మీరు నన్ను కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. ఆ బెంచీకి వీపు ఆనించుకునే చెక్క లేదు. వారం రోజులు అలా కూర్చుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకు మామూలుగానే మండుతుంది. సరే, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు ఈలోపు కాస్త సర్దుకుని కూర్చోండి.

నేను తాళాలు బాగుచేస్తాను, తాళంచెవులు చేస్తాను. మా వీధిలో నన్ను తాళాలక్క అంటారు. డెబ్భై దాటిన ముసలాయన కూడా అక్కా అనే పిలుస్తాడు. పిలిస్తే పిలిచాడు, పళ్ళు లేని నోరు, ఏమంటాం. ఏడాది కిందట చట్టసభ మా పనివాళ్ళందరూ పేర్లు నమోదు చేయించుకోవాలని ఒక చట్టం చేసింది. మంచిదే, వెళ్ళి చేయించుకున్నాను. వివరాలన్నీ చట్టసభే కూర్చుని రాయలేదు కదా, అందుకని నియమాలు రాసే పని ఒక శాఖకు అప్పగించింది. ఊరికే అప్పగించలేదు. ముందు ముసాయిదా అచ్చు వేయండి, ముప్పై రోజులు జనం అభ్యంతరాలు తీసుకోండి, అవి చదవండి, ఆ తర్వాతే నియమాలు ఖాయం చేయండి అని చట్టంలోనే రాసిపెట్టింది.

శాఖ వారు రాశారు. అందులో తొమ్మిదో నియమం ఇదీ: తాళాల పనివారు ఏ తాళంచెవి చేసినా దాని అచ్చును, ఆ ఇంటి చిరునామాతో సహా, ఏడు రోజుల్లో శాఖలో దాఖలు చేయాలి.

అంటే ఊళ్ళో ఇళ్ళన్నిటి తాళంచెవులూ ఒక్క బీరువాలోకి చేరాలన్నమాట. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారే, అచ్చంగా అదే. మా వెనక వీధిలో గౌన్లు కుట్టే ఆవిడ మొగుడి దెబ్బలు తప్పించుకుని వచ్చి, నా చేత గుమ్మానికి కొత్త తాళం వేయించుకుంది. ఆ మొగుడు పనిచేసేది ఆ శాఖలోనే. ఆవిడ తాళంచెవి అచ్చు పట్టుకెళ్ళి నేను అతని టేబుల్ మీద పెట్టాలా? పెట్టనన్నాను. అయితే రేపు ఉదయం పదింటికి నీ షాపుకి సీలు వేస్తామని నోటీసు అంటించారు. అందుకే కోర్టుకొచ్చాను.

పోయిన వారం ఆఖర్న మా లాయరమ్మ నా పక్కన కూర్చుని శాఖ డైరెక్టరు కోర్టుకిచ్చిన అఫిడవిట్ చదివి వినిపించింది. వచ్చిన అభ్యంతరాలన్నీ ఒకటో తేదీన, రెండో తేదీన విప్పి, ఒక్కొక్కటే చదివి, లోతుగా పరిశీలించి, మూడో తేదీన తుది నియమాలు వెలువరించాం అని ఉంది. నేను పకపకా నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఎందుకంటే ఆ అభ్యంతరాల పెట్టె తాళం తీసింది నేనే, తీసింది పదిహేనో తేదీన.

ఇదుగో, ఇక్కడే వదిలేసి వెళ్ళారు మీరు.

“అక్కా, మీరే తీశారా? పదిహేనునా? సాక్ష్యం ఉందా?” అంది లాయరమ్మ. ఆ అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్ళు. నల్లకోటు భుజాల దగ్గర వదులు, వాళ్ళ సీనియరుదట. మనిషి మాత్రం ఎక్కడా వదులు కాదు.

“ఉంది. నా పుస్తకంలో ఉంది.”

“పుస్తకం ఎక్కడుంది?”

“సంచిలో ఉంది.”

“ఇవ్వండి మరి!”

“ఇవ్వను.”

లాయరమ్మ నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపుకి జాలేసి, అసలు సంగతి చెప్పాను.

మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. చేసిన తాళంచెవికి నకలు దాచుకోం. ఇచ్చేశాక అచ్చు తీసిన సబ్బుముక్కను వాళ్ళ ఎదురుగానే నలిపేస్తాం. కానీ తాళంచెవి లేకుండా తెరిచిన ప్రతి తాళాన్నీ పుస్తకంలో రాస్తాం. తేదీ, ఎక్కడ, ఏ తాళం, ఎందుకు తీయాల్సి వచ్చింది, అసలు చెవి దొరికిందా, దొరికితే ఎక్కడ దొరికింది. ఆఖరి గడిలో తీయమన్నవాళ్ళ సంతకం. సంతకం లేనిదే ఇంటివాడు ఏడ్చినా తీయం. ఎందుకంటే రేపు ఆ ఇంట్లో ఏదైనా పోతే ముందు తట్టేది మా తలుపే.

ఆ పుస్తకం ఎవరికీ చూపించం. సంతకం పెట్టినవాళ్ళు వచ్చి అడిగితే వాళ్ళ వివరాలున్న ఒక్క గీతే వాళ్ళకి చూపిస్తాం, అంతే. దానికో అట్టముక్క ఉంది. చెప్పుల పెట్టె అట్టని మా నాన్న కత్తిరించి, మధ్యలో ఒక్క గీత పట్టేంత సందు చేశాడు. పేజీ మీద ఆ అట్ట పెడితే వాళ్ళ గీత కనిపిస్తుంది, పైవాడిదీ కిందవాడిదీ కనపడదు. నలభై ఏళ్ళ వేళ్ళ మసితో ఆ సందు అంచులు నల్లగా నిగనిగలాడుతుంటాయి.

“ఆ గీత మీద సంతకం ఎవరిది?” అంది లాయరమ్మ.

“చెప్పకూడదు తల్లీ.”

“కోర్టు ఆర్డరేస్తే?”

“వేస్తే ఇస్తాను. ఇచ్చేసి, సాయంత్రం నా షాపు నేనే మూసేస్తాను. సీలు వేసే శ్రమ వాళ్ళకి తప్పుతుంది.”

“మిమ్మల్ని ఒడ్డుకి లాగుదామని చూస్తుంటే మీరు నన్ను నీళ్ళలోకి లాగుతున్నారక్కా,” అని నుదురు కొట్టుకుంది. కానీ లేచి వెళ్ళిపోలేదు. ఫైలు తెరిచి ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. నాకు ఆ అమ్మాయి అందుకే ఇష్టం.

లాయరమ్మకి చెప్పలేదు గానీ మీకు చెప్పొచ్చు, ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతే కదా. ఆ సంతకం మా తమ్ముడిది.

వాడు ఆ శాఖలో హెడ్ క్లర్కు. పదిహేనో తేదీన ఫోన్ చేసి, “అక్కా, ఒకసారి ఆఫీసుకి రా, పెట్టె తాళం తీయాలి,” అన్నాడు. వెళ్ళాను. గుమ్మం పక్కన గోడకి రేకు పెట్టె, దానికి వేలెడంత తాళంకప్ప. సందులోంచి కవర్లు నాలుకలు చాపినట్టు బయటికి వేలాడుతున్నాయి. ఎన్ని అభ్యంతరాలొచ్చాయో చెప్పండని చట్టసభ నుంచి ఓ చీటీ వస్తే, అప్పుడు గుర్తొచ్చిందట వీళ్ళకి, పెట్టె అనేది ఒకటుందని. తాళంచెవి ఎక్కడా కనపడలేదట.

“ఈ బుడ్డి తాళానికి నేనెందుకురా? నాన్న నీకూ నేర్పాడుగా. కుర్చీలో కూర్చుని కూర్చుని చేతులు మొద్దుబారాయా?” అని నలుగురి ముందూ వేళాకోళం చేశాను. వాడు నవ్వలేదు. “నువ్వే తియ్యి అక్కా. పుస్తకం తెచ్చావుగా?” అన్నాడు.

తీశాను. పెట్టెలో రెండువందల పద్నాలుగు కవర్లు. అందులో నాదీ ఉంది, అంటించింది అంటించినట్టే ఉంది. అన్నిటికంటే అడుగున ఇంకో కవరు. దాని మీద ‘అభ్యంతరాల పెట్టె’ అని రాసి ఉంది, లోపల తాళంచెవి ఉంది. జరిగిందేమిటంటే, పెట్టె తగిలించిన మొదటి రోజునే ఎవరో బుద్ధిమంతుడు తాళంచెవిని కవర్లో పెట్టి, అది దేనిదో తెలియాలని పెట్టె పేరు రాసి, సెక్షన్‌కి పంపమని అటెండరుకిచ్చాడు. అటెండరు పాతికేళ్ళ సర్వీసున్న మనిషి. కవరు మీద ఏ పేరుంటే అక్కడ వేయడమే ఆయనకి తెలిసిన పని. నేరుగా తీసుకెళ్ళి పెట్టెలో వేశాడు. ఆఫీసువాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు ఇది. దొంగకైనా ఇంత తెలివి ఉండదు.

నేను కవర్ల వైపు చూసి, “ఒరే, ఇవి చదవకుండానే రూలు చేసేశారట్రా?” అన్నాను. వాడు నేల చూపులు చూశాడు. సంతకం పెట్టాడు. నేను పుస్తకం మూసి వచ్చేశాను. తీసిన తాళం గురించి బయట మాట్లాడం కాబట్టి ఎక్కడా నోరెత్తలేదు, డైరెక్టరుగారి అఫిడవిట్ విని నవ్వేదాకా.

మా కేసు పిలవడానికి ఇంకా టైముందనగా మంచినీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళాను. తమ్ముడు అక్కడే ఉన్నాడు, చంకలో శాఖ ఫైళ్ళు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

“పుస్తకం తెచ్చావా అక్కా?”

“తెచ్చాను.”

“నాకింకా పదకొండేళ్ళ సర్వీసుంది.”

“తెలుసురా.”

“పిల్లది ఇంకా చదువుకుంటోంది. మీ మరదలు రాత్రి ఒకటే ఏడుపు.”

“నేను నిన్నేమైనా అడిగానా? అడగను కూడా. నువ్వు అడక్కపోతే నీ గీత బయటికి రాదు. నాన్న పద్ధతి నీకు చెప్పాలా? వెళ్ళు, వెళ్ళి మీ వకీలు పక్కన కూర్చో.”

వాడు ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. ఫైళ్ళు సర్దుకుని వెళ్ళిపోయాడు. నిజం చెప్పొద్దూ, నాకు చాలా కోపమొచ్చింది. నా షాపు పోతుందని కాదు. చిన్నప్పుడు ఇనుము అరగదీసే ఆకురాయి పట్టుకోవడం చేతగాక వాడు వేళ్ళు కోసుకుంటే, నేను నా కొంగు చింపి కట్టు కట్టిన చెయ్యి అది. ఆ చేత్తో సంతకం పెట్టి, ఇప్పుడు ఆ సంతకం నుంచే పారిపోతున్నాడని కోపం. దాని కింద జాలి. రెండూ మింగేసి, నీళ్ళు తాగి లోపలికెళ్ళాను.

కోర్టు హాల్లో ఫ్యాను తిరుగుతుంటే కాగితాల మీద పెట్టిన గాజు దిమ్మలు కూడా కదులుతున్నాయి. జడ్జిగారు సన్నటి మనిషి, మాట అంతకన్నా సన్నం. హాలంతా మెడలు చాచి వినాల్సిందే.

ప్రభుత్వ వకీలు మొదలుపెట్టాడు. ఆయన గొంతు బావుంటుంది, కాదనను. దొంగతనాలు పెరుగుతున్నాయట. తాళంచెవుల అచ్చులుంటే పట్టుకోవడం తేలికట. చట్టసభకి ప్రతి చిన్న విషయం రాసే తీరిక ఉండదట, అందుకే నిపుణులున్న శాఖకి వదిలిందట. “చట్టం ఉద్దేశాలు నెరవేర్చడానికి అవసరమైన నియమాలు చేయవచ్చు అని స్పష్టంగా ఉంది సర్. ఏది అవసరమో శాఖకి తెలుస్తుంది. కోర్టు వచ్చి శాఖ కుర్చీలో కూర్చోకూడదు.”

“శాఖ కుర్చీ మీద నాకేం మోజు లేదండీ,” అన్నారు జడ్జిగారు. “నా కుర్చీతోనే నడుం నొప్పి. మీ నియమం మంచిదా చెడ్డదా అని నేను అడగను. చట్టసభ మిమ్మల్ని ఎంతదూరం వెళ్ళమంది, మీరెంతదూరం వెళ్ళారు, వెళ్ళమన్న దారినే వెళ్ళారా? ఇదే నా పని. అదైనా చూడొద్దంటారా?”

ప్రభుత్వ వకీలు చూడొద్దనలేదు. ఎవరనగలరు?

మా లాయరమ్మ లేచింది. వదులు కోటు ఒకసారి పైకి లాక్కుంది. “సర్, ఈ చట్టంలో ఇరవై రెండు సెక్షన్లున్నాయి. నేను మూడుసార్లు చదివాను. పనివాళ్ళ నమోదు ఉంది, అనుభవం ఉంది, తప్పు చేస్తే నమోదు రద్దు ఉంది. జనం ఇళ్ళ తాళంచెవుల మాట ఒక్కచోట కూడా లేదు. పనివాడి పేరు రాసుకోమంటే, పనివాడి చేత ఊరందరి గుమ్మాలూ రాయించుకుంటామంటున్నారు. తల్లిచట్టంలో లేనిది పిల్లనియమంలోకి ఎలా వచ్చింది?”

నా మనసులో మాట కూడా అదే. చట్టసభ ఒక తాళం చేసి, దానికి సరిపడా చెవి చేసుకోమని శాఖకి చెప్పింది. శాఖ పక్కింటి తలుపుకి కూడా పట్టే చెవి చేసుకుంది. మా పనిలో అలాంటి చెవి చేసినవాణ్ణి జైల్లో పెడతారు.

“రెండోది సర్,” అంది లాయరమ్మ, ఒకసారి నా వైపు చూసి. “అభ్యంతరాలు పరిశీలించాకే నియమాలు చేయాలని చట్టం. పరిశీలించామని అఫిడవిట్. ఆ పెట్టె తెరిచింది నియమాలు వచ్చిన పన్నెండు రోజుల తర్వాత అని మాకు తెలిసింది. తెరిచిన మనిషి ఇక్కడే ఉన్నారు. రాసుకున్న పుస్తకం కూడా ఉంది.”

ప్రభుత్వ వకీలు ఎగిరిపడ్డాడు. “నిరాధారం సర్! ఉంటే చూపించమనండి!”

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన వెనక కూర్చున్న శాఖ వాళ్ళందరూ ఒక్కసారి సర్దుకున్నారు. తమ్ముడొక్కడే కదల్లేదు.

జడ్జిగారు నన్ను ముందుకు రమ్మన్నారు. వెళ్ళాను. సంచి గుండెలకి అదుముకుని నిలబడ్డాను.

“అమ్మా, పుస్తకం ఉందా?”

“ఉంది సర్.”

“చూపిస్తారా?”

“చూపించలేను సర్.”

హాల్లో గుసగుసలు లేచాయి. లాయరమ్మ కళ్ళు మూసుకుంది. ప్రభుత్వ వకీలు మొహం మతాబాలా వెలిగింది. నేను మా నాన్న పద్ధతి చెప్పాను, దాచకుండా, తడబడకుండా. సంతకం పెట్టినవాళ్ళు అడిగితేనే వాళ్ళ గీత, అదీ అట్టముక్క పెట్టి. అంతకుమించి ఎవరికీ లేదు.

“కోర్టు అడిగినా లేదా?” జడ్జిగారి గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

“మీరు ఆర్డరేస్తే ఇస్తాను సర్. ఇవ్వక చస్తానా? కానీ ఒక్కమాట. నా దగ్గరకొచ్చిన జనం గుట్టు ఇంకొకరి చేతికి ఇవ్వలేననే కదా నేనీ కేసు వేసింది. కేసు గెలవడం కోసం ఆ గుట్టే తెచ్చి మీ టేబుల్ మీద పెడితే, గెలిచాక నాకు మిగిలేదేంటి సర్? షాపుకి బోర్డు మిగులుతుంది. రేపట్నుంచి ఏ ముఖం పెట్టుకుని ఒకరి ఇంటి తాళం పట్టుకోను?”

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. నాకు భయం వేయలేదు. వేయాల్సిందేమో, వేయలేదు. చెప్పాల్సింది చెప్పాక ఒళ్ళు తేలికైపోతుంది చూడండి, అలా ఉంది.

అప్పుడు వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడు.

“ఆ గీత నాది సర్.”

మా తమ్ముడు. నిలబడ్డాడు. చంకలో ఫైళ్ళు ఒక్కొక్కటే జారి కింద పడుతున్నా చూసుకోవడం లేదు.

“మీరెవరు?”

“శాఖలో హెడ్ క్లర్కుని సర్. ఈవిడ తమ్ముణ్ణి.” నా వైపు తిరిగాడు. “అక్కా, నా గీత చూపించు. నేను అడుగుతున్నాను.”

ప్రభుత్వ వకీలు వాడి చొక్కా పట్టుకుని లాగినంత పని చేశాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లి పుస్తకం తాడు ముడి కనపడలేదు. రెండుసార్లు తప్పి, మూడోసారి విప్పాను. పేజీ తీసి, అట్టముక్క పెట్టి, సందు సరిగ్గా గీత మీదికి జరిపి, బల్ల దగ్గరికి పట్టుకెళ్ళాను. పుస్తకం నా చేతుల్లోంచి వదల్లేదు. జడ్జిగారు ముందుకు వంగి, పైకే చదివారు.

“పదిహేనో తేదీ. శాఖ ఆఫీసు గుమ్మం. రేకు పెట్టె, చిన్న తాళంకప్ప. తాళంచెవి కనపడనందువల్ల. అసలు చెవి...” ఆగారు. మళ్ళీ చూసుకున్నారు. “అసలు చెవి పెట్టెలోనే దొరికింది. రెండువందల పద్నాలుగు కవర్ల కింద, అన్నిటికంటే అడుగున.”

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. బల్ల పక్కన కూర్చుని టైపు కొట్టే ఆవిడ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. “అంటే మొదటి రోజు నుంచి ఈ పెట్టె ఒక్కసారి కూడా తెరవలేదు,” అన్నారు. “తెరిచి ఉంటే తాళంచెవి అడుగున ఉండేది కాదు. ఒకటో తేదీన, రెండో తేదీన ఒక్కొక్కటే చదివారన్న అభ్యంతరాలు ఇవేనా వకీలుగారూ?”

ప్రభుత్వ వకీలు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, “సర్, వీళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళు. కూడబలుక్కుని రాసుకున్నదేమో,” అన్నాడు.

జడ్జిగారు తమ్ముడి వైపు చూశారు. “మీరు తాళాలవాళ్ళ ఇంట్లో పుట్టినవారు. ఈ చిన్న తాళం మీకు రాదా? అక్కనెందుకు పిలిచారు?”

“వచ్చు సర్. ఇనుప తీగ, అర నిమిషం, చాలు.” అన్నాడు తమ్ముడు. “అక్కని పిలిచింది తీయించడానికి కాదు సర్, రాయించడానికి. ఆఫీసులో తేదీలు మారతాయి. కాగితాలు మారతాయి. మా నాన్న పుస్తకంలో గీత మారదు. ఎక్కడో ఒకచోట నిజం ఉండాలనిపించింది. అప్పుడంతవరకే ధైర్యం ఉంది సర్ నాకు.”

ఓరి నా తమ్ముడా! నలుగురి ముందూ నీ చేతులు మొద్దుబారాయన్నానే. నా నోట్లో మన్ను పడ.

జడ్జిగారు టైపు కొట్టే ఆవిడకి చెప్పడం మొదలుపెట్టారు. తొమ్మిదో నియమం తల్లిచట్టం దాటి వెళ్ళిందనడానికి, చట్టం చెప్పిన దారి తప్పిందనడానికి పైకి కనిపించే ఆధారాలున్నాయి. తుది తీర్పు వచ్చేదాకా ఆ నియమం అమలు చేయకూడదు. ఏ తాళాల షాపుకీ సీలు వేయకూడదు. లాయరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. వెనక వీధి గౌన్లావిడ గుమ్మం గుర్తొచ్చింది నాకు. ఈ రాత్రి ఆవిడ నిశ్చింతగా పడుకోవచ్చు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. జడ్జిగారు అనుకోలేదు.

“ఈ సంగతి మీ డైరెక్టరుగారికి తెలుసా?” అని తమ్ముణ్ణి అడిగారు.

“పదహారో తేదీనే నోట్ పెట్టాను సర్. పెట్టె ఇప్పుడే తెరిచాం, ఇవి చదివి నియమాలు మళ్ళీ చూడాలి అని. ఆయన దాని మీద ఏదో రాసి, తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏం రాశారో నాకు చూపించలేదు.”

“ఆ నోట్ తెప్పించండి,” అన్నారు జడ్జిగారు.

ప్రభుత్వ వకీలు బయటికెళ్ళి ఫోన్ చేసి వచ్చాడు. వచ్చిన మనిషి నుదుటి మీద చెమట. “సర్, డైరెక్టరుగారు ఆఫీసులోనే ఉన్నారు కానీ... బీరువా తాళంచెవి కనిపించడం లేదట.”

ఈసారి నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు.

“ఊరందరి తాళంచెవులూ భద్రంగా దాస్తామన్నది ఈ శాఖేనా?” అన్నారు జడ్జిగారు. తర్వాత నా వైపు తిరిగారు. “అమ్మా, ఆఫీసు బీరువా తీయగలరా?”

“కేసు వేసిన పిటిషనరే తీయడమేంటి సర్!” అన్నాడు ప్రభుత్వ వకీలు.

“ఇంకో తాళాలవాణ్ణి తెండి అయితే.”

“ఊళ్ళో మేము పదిహేడు మందిమి సర్,” అన్నాను నేను. “పదిహేడు మందికీ ఆ శాఖే నోటీసులిచ్చింది.”

“కోర్టు రిజిస్ట్రారు పక్కన నిలబడతారు. ఆయన కళ్ళెదురుగా తీయండి, నోట్ ఆయన చేతికే వెళ్తుంది. ఇప్పుడే వెళ్ళండి.”

“వెళ్తాను సర్. కానీ...” లాయరమ్మ నా మోచెయ్యి గిల్లింది. నేను ఆగలేదు. “సంతకం లేకుండా తీయను సర్. తీయమన్నవాళ్ళు పెట్టాలి. తీయమన్నది మీరు.”

జడ్జిగారు కుర్చీలో ముందుకు జరిగారు.

“నా ఆర్డరు మీద నా సంతకం ఉంటుంది కదమ్మా.”

“అది మీ కాగితం సర్. ఇది నా పుస్తకం.”

“ఈ నియమం ఎవరు పెట్టారు?”

“మా నాన్న సర్.”

“మినహాయింపులేం లేవా?”

“నలభై ఏళ్ళలో ఒక్కటీ లేదు సర్.”

జడ్జిగారు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. నేను కొత్త గీత గీసి, దాని మీద అట్టముక్క పెట్టాను, ఆయనకి కూడా ఆయన గీత తప్ప ఇంకోటి కనపడకుండా. ఆయన సందులోంచి జాగ్రత్తగా సంతకం చేశారు. మా నాన్న ఉంటే ఆ రోజు అన్నం తినేవాడు కాదు, ఆ సంతకం చూసుకుంటూ కూర్చునేవాడు.

వరండాలోకి వచ్చాం. రిజిస్ట్రారు బండి మాట్లాడటానికి వెళ్ళారు. నేను పుస్తకం తాడు కట్టుకుంటుంటే తమ్ముడు దగ్గరికొచ్చాడు.

“అక్కా, ఆ బీరువాలో నోట్ ఒక్కటే లేదు.”

“ఇంకేముందిరా?”

“నా రాజీనామా. పదహారో తేదీన నోట్ వెనక్కి తీసుకుంటావా, రాజీనామా రాస్తావా అన్నారు డైరెక్టరుగారు. నోట్ వెనక్కి తీసుకోలేదు. తేదీ వేయకుండా సంతకం పెట్టించుకున్నారు.” నీళ్ళ కుళాయి వైపు చూశాడు. “తాళంచెవి పోలేదక్కా. ఆయన జేబులోనే ఉంటుంది ఎప్పుడూ. ఇప్పుడు ఆ గదిలో ఆయనొక్కరే ఉన్నారు. తేదీ ఒక్కటి వేస్తే చాలు, నేను ఎప్పుడో మానేసినవాణ్ణి అయిపోతాను. నోట్ చించితే, అదసలు లేనే లేదు.”

పొద్దున కుళాయి దగ్గర వాడు అనబోయి ఆగిపోయింది ఇదన్నమాట. పదకొండేళ్ళ సర్వీసు అన్నప్పుడు నేను వాడి భయమే విన్నాను. వాడు అప్పటికే అది రాసిచ్చేసి ఉన్నాడు.

“మరి ఇందాకే ఎందుకు చెప్పలేదురా?”

“చెప్తే నా ఉద్యోగం పోతుందని నువ్వు పుస్తకం తెరిచేదానివి కాదుగా.”

పనిముట్ల సంచి భుజం మీంచి దించి వాడి చేతిలో పెట్టాను. తీగలు, ఆకురాళ్ళు, చిన్న సుత్తి, అన్నీ గలగలలాడాయి.

“పట్టుకో. ఆ బీరువా నువ్వు తీస్తే అర నిమిషం, నేను తీస్తే నిమిషం. మనకి నిమిషం లేదు. రాసేది నేను రాస్తాను.”

మా నాన్న పోయాక వాడు ఆ సంచి పట్టుకోవడం అదే మొదటిసారి. ఇద్దరం మెట్లు దిగడం మొదలుపెట్టాం.